పిల్లికి బిచ్చం కాదు, హక్కు

పరమ లోభిని తిట్టడానికి తెలుగులో ఒక మాట ఉంది. వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అంటారు. నలభై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాను. రాజకీయ నాయకుల మీద వార్తలు రాసేటప్పుడు వాడుకున్నాను కూడా. కానీ అందులో పిల్లి ఎందుకుంది, బిచ్చం ఎందుకుంది అని ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన రోజు 2024 సెప్టెంబరులో వచ్చింది.

ఆగస్టు 31న కుండపోత వాన. సెప్టెంబరు 1న బుడమేరు మా వీధుల్లో ఉంది. సింగ్‌నగర్, విద్యాధరపురం, జోజినగర్, మా భవానీపురం, ఎటు చూసినా నీళ్ళే. అటు కృష్ణ కూడా తగ్గలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయింది. 1957లో బ్యారేజీ పూర్తయిన తర్వాత అంత వరద ఎన్నడూ రాలేదు. మాది కింది వాటా. అమ్మీని భుజాన ఎక్కించుకుని పక్క అపార్ట్‌మెంటు డాబా మీదకు చేరాం. అప్పటికే అక్కడ ఓ పాతికమంది ఉన్నారు. వాటర్ ట్యాంకు చాటున నానిపోయి వణుకుతున్న రెండు పిల్లులు, అరచేతిలో పట్టేంత ఒక పిల్లికూన కూడా ఉన్నాయి.

మరునాటికి డ్రోన్లు, పడవలు తిండి పొట్లాలు తెచ్చాయి. పులిహోర, సాంబారన్నం. మనుషులం కళ్ళకద్దుకుని తిన్నాం. ఎవరో దయగల తల్లి పులిహోర ముద్ద పిల్లుల ముందు పెట్టింది. అవి వాసన చూశాయి, వెనక్కి జరిగాయి. "ఇంత ఆకల్లోనూ దీనికి ఎంత పొగరో చూడండి" అన్నాడొకాయన. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో అప్పుడు తెలియలేదు. నీళ్ళు తీసి ఇల్లు కడుక్కున్నాక, ఒక పిల్లినీ ఆ కూననూ ఇంటికి తెచ్చుకున్నాను. రెండో పిల్లిని అదే అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ చేరదీశారు. ఆవిడను నేను పిన్నిగారూ అంటాను. మా పిల్లికి అమ్మీ మానో అని పేరు పెట్టింది. ఉర్దూ ఇళ్ళల్లో పిల్లిని ముద్దుగా పిలిచే పేరది. బుడమేరులో దొరికింది కనుక కూనకు బుడమ అని నేను పెట్టాను.

పిల్లిని పెంచడం నాకు అదే మొదలు. మా ఇంట్లో పిల్లులు లేవని కాదు, ఎప్పుడూ ఉన్నాయి. కానీ వాటిని మేం 'పెంచలేదు'. అవి వచ్చేవి, పోయేవి. ఈ రెండింటికీ మధ్య ఎంత చరిత్ర ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు నేను చేసిన తప్పులు చెప్పుకోవాలి. మొదటి రోజు గిన్నె నిండా పాలు పోశాను. పిల్లి అంటే పాలు అని మన బుర్రల్లో ఎవరో అచ్చుగుద్దారు కదా. మానో గటగటా తాగింది, రాత్రికి విరేచనాలు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదని పశువుల డాక్టరు చెబితే తెలిసింది. రెండో తప్పు, మిగిలిన సాలన్ కలిపిన అన్నం పెట్టడం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయట. మన కూరల్లో ఆ రెండూ లేనిదేముంది? మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. సరే, మాంసమే కదా కావాలి అని బుడమకు ఎముకల్లేని ఉడికించిన చికెన్ తప్ప మరేమీ పెట్టలేదు. నెలన్నర గడిచేసరికి కూన కుంటడం మొదలుపెట్టింది. దూకలేకపోయేది. ముట్టుకుంటే అరిచేది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, "ఎలుకను తింటే ఎముకలతో సహా తింటుంది. మీరు ఒట్టి కండ పెట్టారు. సున్నం ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాడు. ఎదిగే కూనకు కాల్షియం అందక ఎముకలు మెత్తబడ్డాయి. ప్రేమగా, కడుపునిండా పెట్టి మరీ పస్తులుంచాను. తిండి మార్చాక బుడమ కోలుకుంది గానీ, ఆ కుంటి నడక చూసిన రోజులు మరిచిపోలేను.

ఆ రోజుల్లోనే అమ్మీ ఒక హదీసు చెప్పింది. చిన్నప్పుడు మదర్సాలో అందరం విన్నదే. ఒక స్త్రీ పిల్లిని కట్టేసింది. తిండి పెట్టలేదు, నీళ్ళు పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకమని వదిలిపెట్టనూ లేదు. పిల్లి చచ్చిపోయింది. ఆ స్త్రీకి నరకం రాసిపెట్టి ఉందని ప్రవక్త చెప్పారు. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న హదీసు ఇది. చిన్నప్పుడు మాకు ఇందులో భయమే వినిపించింది. ఇప్పుడు బుడమను ఒళ్ళో పెట్టుకుని వింటే లెక్క వినిపించింది. ఆమె ముందు రెండు దారులున్నాయి. పెట్టడం, లేదా వదలడం. పెట్టకపోవడం ఒక్కటే నేరం కాదు. తలుపు మూసి పెట్టకపోవడం నేరం. తలుపు మూసిన క్షణం నుంచి ఆ పిల్లి ఆకలి బయటి లోకానిది కాదు, నీది.

ఇదే సంగతి మన భారతదేశపు చట్టంలోనూ ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం యజమాని తన జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా అని రాశారు. అమ్మీ చెప్పిన శిక్షకూ ఈ శిక్షకూ మధ్య దూరం చూడండి!

హదీసుల్లో పిల్లి కనిపించే మరో రెండు చోట్లు కూడా తిండీ నీళ్ళ దగ్గరే. కబ్షా అనే ఇల్లాలు మామగారు అబూ ఖతాదాకు వుజూ కోసం నీళ్ళు పెట్టింది. పిల్లి వచ్చి నోరు పెట్టబోతే ఆయన అదిలించలేదు. తాగడానికి వీలుగా గిన్నె వంచి పట్టాడు. కోడలు వింతగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదని, మీ చుట్టూ తిరిగే వాటిలో ఒకటని ప్రవక్త చెప్పిన మాట చెప్పాడు. అరబ్బీలో ఆ తిరిగేవాళ్ళు అనే మాట, కాబా చుట్టూ చేసే తవాఫ్ అనే మాట ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఇంకోటి అబూ దావూద్ సంకలనంలో ఉంది. హజ్రత్ ఆయిషా నమాజులో ఉండగా ఒకామె హరీస తెచ్చింది. మన హలీమ్‌కు అమ్మమ్మ లాంటి గోధుమ, మాంసం వంటకం. పక్కన పెట్టమని సైగ చేశారు. ఈలోగా పిల్లి వచ్చి తింది. నమాజు ముగించి, పిల్లి తిన్నచోటి నుంచే ఆవిడ తిన్నారు. ఎంగిలి అనే మాటకు ఎంత బరువుందో తెలిసిన ఈ దేశంలో, ఎంగిలి పేరుతో మనుషుల్ని గ్లాసుల దగ్గర, బావుల దగ్గర వేరుచేసిన ఈ దేశంలో, ఈ చిన్న సంఘటన చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రవక్తకు ముయెజ్జా అనే పిల్లి ఉండేదని, అంగీ చేతి మీద నిద్రపోతుంటే లేపలేక చెయ్యి కత్తిరించి లేచారని ఒక కథ మనవాళ్ళు తెగ చెప్పుకుంటారు. హదీసు సంకలనాల్లో ఆ కథ లేదు. 12వ శతాబ్దపు సూఫీ షేక్ అహ్మద్ రిఫాయి గురించి అలాంటి కథ ఉంది. అందమైన కథే. కానీ అందంగా ఉందని చరిత్ర అయిపోదు. ఇతరులు మన గురించి కల్పించిన వాటిని నిలదీసేవాళ్ళం, మన గురించి మనం కల్పించుకున్న వాటినీ నిలదీయాలి. అబూ హురైరా సంగతి వేరు. ఆ పేరుకు అర్థమే పిల్లికూన తండ్రి. గొర్రెలు కాసే రోజుల్లో ఒక కూనను వెంటబెట్టుకు తిరిగేవాడినని, రాత్రిపూట దాన్ని చెట్టు మీద ఉంచేవాడినని ఆయన చెప్పుకున్నట్టు తిర్మిజీ సంకలనంలో ఉంది.

వ్యక్తుల దయ నుంచి వ్యవస్థ దాకా ఈ కథ నడిచింది కైరోలో. 1260 నుంచి 1277 దాకా ఈజిప్టునేలిన మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ తన మసీదు దగ్గర ఒక తోటను దిక్కులేని పిల్లుల తిండి కోసం వక్ఫ్ చేశాడు. ఆ తోట పేరే పిల్లి తోట. 19వ శతాబ్దం మొదటి సగంలో కైరోలో ఉన్న ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషు పండితుడు దాని గతి ఏమైందో రాశాడు. ముతవల్లీలు ఆ తోటను పదే పదే అమ్మేసుకుంటూ పోయారు. పిల్లుల వాటాకు ఏడాదికి 15 పియాస్టర్ల నామమాత్రపు కౌలు మిగిలింది. అయినా కైరో ఖాజీ ఆ బాధ్యత వదల్లేదు. రోజూ సాయంత్రం ఆయన న్యాయస్థానం ఆవరణలో పిల్లులు గుంపులుగా చేరేవి, వాటికి తిండి పెట్టేవారు. ఆరువందల ఏళ్ళకు దగ్గరగా నడిచిన ధర్మం అది. వక్ఫ్ భూములు ఎలా కరిగిపోతాయో తెలిసిన ఆంధ్రదేశపు ముస్లింలకు ఈ కథలో కొత్త ఏమీ లేదు. కొత్తదల్లా, ఆస్తి పోయినా బాకీ పోలేదని ఒప్పుకున్న ఆ ఖాజీ.

ఇంత చెప్పాక, పిల్లి ముస్లింల జంతువు, కుక్క కాదు అని ఎవరైనా చప్పట్లు కొడితే నేను ఒప్పుకోను. పిల్లికి తిండి పెట్టక నరకానికి పోయిన స్త్రీ కథ చెప్పిన ఆ హదీసు సంకలనాలే, దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు తన తోలుజోడుతో నీళ్ళు తోడిపోసి క్షమాపణ పొందిన పతిత స్త్రీ కథ కూడా చెప్పాయి. గుహవాసుల వెంట ఉన్న కుక్క ఖురాన్‌లోనే ఉంది. దయచేసి పిల్లిని మన కమ్యూనిటీలో చేర్చకండి. దానికి ఇస్లాం కన్నా చాలా పాత చరిత్ర ఉంది. ప్రపంచంలోని ఇంటిపిల్లులన్నీ ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి సంతతి అని 2007లో జన్యు పరిశోధన తేల్చింది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పూడ్చిన 9,500 ఏళ్ళ నాటి పిల్లి అస్థిపంజరం సంగతి 2004లో వెలుగులోకి వచ్చింది. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే రేవులో, రోమన్ల కాలంలో, వందలకొద్దీ పెంపుడు జంతువుల్ని జాగ్రత్తగా పాతిపెట్టారు. వాటిలో ఎక్కువ పిల్లులే. ఆ శ్మశానంలో పళ్ళు దాదాపు ఊడిపోయేదాకా బతికిన ముసలి జంతువులున్నాయి. అంటే ఎవరో వాటికి మెత్తని తిండి విడిగా పెట్టారన్నమాట. అదే బెరెనికేలో భారతదేశపు మిరియాల జాడీ దొరికింది. ఆ సముద్రపు దారుల గురించి రాసిన పెరిప్లస్ గ్రంథంలో మన మచిలీపట్నం తీరం మసాలియా పేరుతో ఉంది. మన తీరం నుంచి సన్నబట్టలు, ఆ దారినే మిరియాలు వెళ్ళే ఆ కాలంలో, అవతలి రేవులో ఎవరో పళ్ళూడిన జంతువుకు మెత్తగా కలిపి పెడుతున్నారు. వాళ్ళ మతమేదైతేనేం?

ఈ గడ్డ మీద కూడా పిల్లికి వేల ఏళ్ళ కథ ఉంది. శ్రీవైష్ణవుల్లో మార్జాల కిశోర న్యాయం ఉంది. తల్లిపిల్లి కూనను నోట కరచుకుని మోసినట్టు దేవుడే భక్తుణ్ణి మోస్తాడని తెంగలై సంప్రదాయం. ఇంకోవైపు దొంగ సన్యాసి పిల్లి. మహాబలిపురం రాతి మీద తపస్సు చేస్తున్న పిల్లిని ఏడో శతాబ్దంలో పల్లవ శిల్పులు చెక్కారు. మనకు బాగా నచ్చిన కథ తెనాలి రామకృష్ణుడిది. ఎలుకల బాధకు రాయలవారు ఇంటికో పిల్లిని ఇచ్చి, దాని పాలకు ఆవును కూడా ఇచ్చారట. రామకృష్ణుడు మొదటిరోజే సలసలా కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తే పారిపోయింది. పాలన్నీ రామకృష్ణుడి ఇంటివాళ్ళవే. చిన్నప్పుడు పడీపడీ నవ్వాం. ఇప్పుడు ఆ కథను పిల్లి వైపు నుంచి చదువుతున్నాను. ఇంటికి తెచ్చుకున్న పిల్లికి మొదటిరోజు పెట్టిన తిండి అది! నవ్వు రావడం లేదు. పాలు పిల్లికి పట్టవని తెలిశాక మాత్రం, పాపం రామకృష్ణుడు తెలియక మేలే చేశాడేమో అనిపిస్తుంది.

సామెతల సంగతి చూడండి. నాకు రెండు భాషలున్నాయి గనుక రెండు పిల్లులున్నాయి. తెలుగు సామెతల్లో పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఉట్టి తెగాలని శాపాలు పెడుతుంది. ఉట్టిలో ఉండేది పాలూ పెరుగూ వెన్నా. ఉర్దూ సామెతలో పిల్లికి కలలో కూడా ఛీఛ్‌డే కనిపిస్తాయి. అంటే కసాయి దుకాణంలో తీసి పారేసే నరాలు, పొరల ముక్కలు. ఒకే జంతువు, రెండు వంటిళ్ళ నుంచి చూస్తే రెండు రకాల ఆకలి. మరి పిల్లికి ఏది నిజం? ఉర్దూ సామెతకే మార్కులు వేయాలి. కానీ తెలుగువాళ్ళంతా పాలూపెరుగుల వాళ్ళని కాదు. 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం మాంసాహారులే. చేపల పులుసు లేని డెల్టా ఏమి డెల్టా! అయినా సామెతల్లోకి ఎక్కిన పిల్లి ఉట్టి కింద ఉన్న పిల్లే. ఎవరి వంటిల్లు భాషలోకి ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది ఒక్క పిల్లి ప్రశ్నే కాదు.

మా దాదీమా రోజూ గుమ్మం దగ్గర పిల్లికి ఇంత మజ్జిగన్నం, ఇంత సాలన్ అన్నం పెట్టేది. ఆ పిల్లులు గుమ్మటాల్లా ఉండేవి. మరి నేను అదే పెడితే మానో ఎందుకు జబ్బుపడింది? ఈ ప్రశ్నకు జవాబు కృష్ణా డెల్టా చరిత్రలో ఉంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, గాదెలు వచ్చాయి, తర్వాత రైసుమిల్లులు వచ్చాయి. వరి ఉన్నచోటికి ఎలుకలు, పందికొక్కులు రాక మానవు. పిల్లికి అసలు భోజనం అక్కడుంది. మా దాదీమా పెట్టింది చిరుతిండి మాత్రమే. తనే పిల్లిని పోషిస్తున్నానని ఆమె అనుకునేది. నిజానికి డెల్టా పోషించేది. ఇప్పుడు నేను మొదటి అంతస్తుకు మారి, కిటికీలకు జాలీ బిగించి, తలుపు మూశాను. బయటి కుక్కల నుంచి, లారీల నుంచి కాపాడానని మురిసిపోయాను. కానీ ఆ మూసిన తలుపు ఎలుకనూ బయటే ఉంచేసింది. గిన్నెలో పెట్టేదే ఇక దాని సమస్తం. చిరుతిండిని పట్టుకొచ్చి పూర్తి భోజనం చేశాను. హదీసులోని స్త్రీ చేసిన పని అదే, కాస్త నెమ్మదిగా.

సైన్సు కూడా ఇదే తలుపు దగ్గరికి వచ్చింది. టారిన్ అనే పదార్థం లేకపోతే పిల్లి కంటిపొర పాడై గుడ్డిదవుతుందని 1975లో అమెరికా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. గుండె కండరం సాగిపోయి చస్తుందని 1987లో పాల్ పయన్ బృందం చూపింది. మనిషి ఒంట్లో టారిన్ తయారవుతుంది. పిల్లి తనకు సరిపడా తయారుచేసుకోలేదు. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో పప్పులో పెరుగులో ఉండదనే చెప్పాలి. 1987 నాటి ఆ పిల్లులు ఆకలితో మాడినవి కావు. కంపెనీ డబ్బా తిండి తిన్నవి. దాంతో కంపెనీలు టారిన్ కలపడం పెంచాయి. 2005లో ఇంకో సంగతి తేలింది. తీపి తెలిపే జన్యువు పిల్లిలో పనిచేయదు. దానికి తీపంటేనే తెలియదు. అంటే డాబా మీద పులిహోర వదిలేసిన పిల్లిది పొగరు కాదు. అది దాని ఒళ్ళు.

ఆ మాట నాకెందుకు గుచ్చుకుందో అప్పుడు అర్థమైంది. వరద తర్వాత తడి ఆరని కింది వాటాలో అమ్మీ ఉండలేదని అద్దె ఇంటికి తిరిగాను. ఒకచోట ఇల్లు బాగుంది, అద్దె కుదిరింది, అడ్వాన్సు చేతిలో ఉంది. ఇంటాయన పేరు అడిగారు. చెప్పాను. కాసేపాగి, "మీరు నాన్‌వెజ్ వండుతారు కదండీ" అన్నారు. నూటికి తొంభై ఎనిమిది మంది వండే రాష్ట్రంలో ఆ ప్రశ్న నాకే ఎందుకు వచ్చింది? అడిగింది వంట గురించి కాదని ఇద్దరికీ తెలుసు. మా పేరు చెప్పలేక మా తిండి పేరు చెప్పడం ఈ కాలపు మర్యాద. తిండిని బట్టి గుణం, గుణాన్ని బట్టి ఇల్లు. వరద పొట్లం ముట్టని పిల్లికి కూడా పొగరు అన్న ముద్ర పడింది. పెట్టింది తినకపోతే పొగరు, తన తిండి తింటే కంపు. ఆకలిగొన్నవాళ్ళు ఏం తినాలో పెట్టేవాళ్ళే నిర్ణయించడం లోకంలో పాత అలవాటు. బిచ్చానికీ హక్కుకూ తేడా అక్కడే ఉంది.

చివరికి నాకు ఇల్లు దొరికింది పిన్నిగారున్న అపార్ట్‌మెంటులోనే. ఒకరోజు ఆవిడ తలుపు కొట్టారు. "బాబూ, నా పిల్లి ఏమీ బాగాలేదు. పెరుగన్నం కలిపి పెడుతున్నాను, నెయ్యి కూడా వేస్తున్నాను. చిక్కిపోతోంది, బొచ్చు ఊడిపోతోంది" అన్నారు. నా తప్పులు నాకు గుర్తున్నాయి గనుక ఆవిడకు పాఠం చెప్పే ధైర్యం చేయలేదు. డాక్టరు నాకు చెప్పిందే చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నా పొయ్యి మీద వండలేను బాబూ, నువ్వేమీ అనుకోకు" అన్నారు. "అనుకోవడానికేముంది పిన్నిగారూ, మా పొయ్యి ఉంది కదా" అన్నాను. అప్పటినుంచి రోజూ ఉదయం ఒక స్టీలు డబ్బా మా ఇంటి నుంచి పైకి వెళ్తోంది. అమ్మీ మాత్రం జబీహా మాంసమే వాడుతుంది. దానికి షరియత్ లేదు కదమ్మీ అంటే, "వండే చేతికి ఉంది కదరా" అంటుంది.

కొత్తగా పిల్లిని చేరదీసినవాళ్ళు నన్ను అడుగుతుంటారు కనుక, తెలిసింది నాలుగు మాటల్లో చెప్తాను. కొన్నాళ్ళు పస్తులున్న పిల్లికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టొద్దు. కొంచెం కొంచెం, రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. కొత్త ఇంట్లో మంచం కింద దూరి తినకపోతే, గిన్నె అక్కడే పెట్టి మీరు తప్పుకోండి. కానీ ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్లి రెండు మూడు రోజులు పూర్తిగా తిండి మానితే లివర్‌కు కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. కూన అయితే పూట కూడా ఆగొద్దు. ఇంట్లో వండితే ఉప్పూ కారం ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించి, ఆ నీళ్ళతో సహా పెట్టండి. టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది, నీళ్ళు పారబోస్తే అదీ పోతుంది. కోడి గుండెకాయలు మంచివి, చవక. కానీ ఒట్టి మాంసం చాలదు. కాల్షియం ఎంత కలపాలో డాక్టరును అడగండి, లేదా పూర్తి ఆహారం అని, ఏ వయసుకో రాసి ఉన్న పిల్లి తిండి పొట్లం కొనండి. ఉడికిన ఎముకలు విరిగి గుచ్చుకుంటాయి, వద్దు. పిల్లికి చేప ఇష్టమని రోజూ పచ్చిచేప పెట్టకండి, కొన్ని చేపలు పచ్చిగా తింటే బి1 విటమిన్ నాశనమవుతుంది. ఎండుచేపల్లో ఉప్పెక్కువ. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ వేస్తే చచ్చిపోతుంది. నీళ్ళు తిండి గిన్నెకు దూరంగా పెట్టండి. ఎడారి జంతువు వారసత్వం కనుక అది సొంతంగా తాగేది తక్కువ. తడి తిండి ఎక్కువగా ఉంటే మంచిది.

పొట్లాల తిండి దొరల అలవాటని కొందరు వెక్కిరిస్తారు. దాని చరిత్ర మొదలైంది లండన్‌లోనే. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ కుక్క బిస్కెట్లు అమ్మాడు. అదే నగరంలో పుల్లలకు గుచ్చిన గుర్రపు మాంసాన్ని ఇంటింటి పిల్లులకూ అమ్ముకుని బతికిన పేదలుండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో రేకు కొరత వచ్చి అమెరికాలో డబ్బా తిండి తగ్గి, ఎండు గుళికలు పెరిగాయి. ఇప్పుడు మార్స్ కంపెనీ పెంపుడు జంతువుల తిండి ఫ్యాక్టరీ తెలంగాణలో సిద్దిపేట జిల్లాలోనే ఉంది. మనం దొరల తిండి అనుకునేది పొరుగు రాష్ట్రంలో మనవాళ్ళ చేతుల మీదుగా తయారవుతోంది. కొనగలిగినవాళ్ళు కొనండి. కొనలేనివాళ్ళు తప్పుచేసినట్టు తలవంచుకోనక్కర్లేదు. తలుపు మూసేముందు మాత్రం లెక్క చూసుకోండి.

మళ్ళీ ఆ తెలుగు మాట దగ్గరికి వస్తాను. పిల్లికి బిచ్చం. బిచ్చం సంస్కృతపు భిక్ష నుంచి వచ్చింది. హక్కు అరబ్బీ హఖ్ నుంచి, ఉర్దూ మీదుగా మన ఇళ్ళ నుంచి తెలుగులోకి వచ్చింది. ఇవాళ ఏ తెలుగువాడూ హక్కును పరాయి మాట అనుకోడు. హక్కుల కోసం పోరాడే ప్రతి సంఘం బోర్డు మీదా ఆ మాట ఉంది. మేం ఈ భాషకు ఏమిచ్చామని అడిగేవాళ్ళకు ఆ ఒక్క మాట చూపిస్తే చాలు. పిల్లి విషయంలో ఆ మాట వాడదాం. మనకు నచ్చింది మన తీరికను బట్టి పెడితే బిచ్చం. దాని ఒంటికి పట్టేది వేళకు పెడితే హక్కు.

పిన్నిగారి పిల్లి ఇప్పుడు నున్నగా ఉంది. స్టీలు డబ్బా రోజూ సాయంత్రం కడిగి కిందికి వస్తుంది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని ఆవిడకు పట్టింపు. కానీ మాంసం పెట్టిన డబ్బాలో తన వంట పెట్టలేరు. అందుకని పక్కనే ఇంకో చిన్న డబ్బా వస్తుంది, ఒకరోజు కందిపొడి, ఒకరోజు గోంగూర పచ్చడి. రెండు డబ్బాలెందుకని మొదట్లో నా మనసు కాస్త చివుక్కుమంది, అబద్ధమెందుకు. అమ్మీ ఆ పచ్చడి వేళ్ళకు అద్దుకుని రుచి చూస్తూ, "రెండు డబ్బాలైతేనేం, మెట్లు ఒకటే కదా" అంది. ఆమె పక్కన బుడమ తన గిన్నెలోది తింటోంది. కుంటడం మానేసింది.